మా ఊరి ఫిల్టర్ నీళ్ల ప్లాంటు: పొలాల నుంచి బోరులోకి దిగినదాన్ని ఎంతవరకు ఆపుతోంది?

నర్సంపేట దగ్గరి మా ఊరిలో గ్రామ కమిటీ నడుపుతున్న ఫిల్టర్ నీళ్ల ప్లాంటు మీద ఈ సమీక్ష రాస్తున్నాను. నీళ్ల రుచి ఎలా ఉంది, కార్డు పెడితే డబ్బా ఎంతసేపట్లో నిండుతుంది అన్న సంగతులు కూడా చెబుతాను గానీ, నేను ప్రధానంగా పరిశీలించింది వేరు. ఊరి చుట్టూ ఎటు చూసినా మక్క, మిరప, పత్తి, వరి సాగవుతున్న చోట, ఆ పొలాల్లో వేసిన ఎరువులూ మందులూ భూమిలోకి ఇంకి బోరు నీటిలో కలుస్తున్న చోట, ఈ యంత్రం వాటిని మన గొంతు దాకా రాకుండా ఆపుతోందా, ఆపుతున్నట్టు మనకు రుజువు చూపగలుగుతోందా అన్నదే నా ప్రశ్న. అభిప్రాయం ముందే చెబుతాను. ఊరి బోరు నీళ్లు నేరుగా తాగడం కంటే ఈ ప్లాంటు నీళ్లు తాగడం నిస్సందేహంగా మేలు. కానీ పాలపొడి కలిపి పట్టే పసిపిల్లలున్న ఇంటికీ, గర్భిణులున్న ఇంటికీ, ప్లాంటు వారు, ఎరువుల నుంచి నీటిలో చేరే నైట్రేట్ ఎంతుందో చెప్పే పరీక్ష నివేదిక చూపనంత కాలం ఈ నీటిని నేను పూర్తి భరోసాతో సిఫారసు చేయలేను.

ప్లాంటు ఏ నీటి మీద పని చేస్తోందో తెలియకుండా దాని పనితనాన్ని అంచనా వేయలేము. మాది కాకతీయుల కాలం నుంచీ చెరువుల కింద బతికిన నేల. 13వ శతాబ్దంలో గణపతిదేవుని హయాంలో కట్టిన పాకాల చెరువు ఇప్పటికీ తన ఆయకట్టుకు నీరిస్తోంది. చెరువు కింద వరి, చెలకల్లో జొన్న, కంది, పెసర వేసిన రోజుల్లో పశువుల పెంటే ప్రధానమైన ఎరువు. బోర్లు వచ్చాక, హైబ్రిడ్ మక్క, మిరప, ఆ తరువాత 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి వచ్చాక ఆ చెలకల స్వరూపమే మారిపోయింది. వానాకాలం పత్తి, మిరప, యాసంగిలో మక్క, నీళ్లున్న చోట రెండు పంటలూ వరి. ఎనుమాముల మార్కెట్‌కు చేరే ప్రతి మిరప బస్తా వెనుక, ప్రతి పత్తి బండి వెనుక యూరియా, డీఏపీ బస్తాలున్నాయి. రైతును తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. కౌలు కట్టి, అప్పు తెచ్చి సాగు చేసే మనిషి దిగుబడి తగ్గే సాహసం చేయలేడు. పక్క చేను నలుపు తిరిగి కనిపిస్తుంటే తన చేనుకు ఇంకొక బస్తా వేయకుండా ఉండలేడు.

45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే దాదాపు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. వేసిన నత్రజనిలో సగమో, అంతకంటే తక్కువో మాత్రమే పంటకు అందుతుంది. మిగిలినదానిలో కొంత గాలిలో కలుస్తుంది, కొంత నేలలో నైట్రేట్‌గా మారి వాన నీటితోనో, తడి నీటితోనో కిందికి దిగుతుంది. నైట్రేట్ నీటిలో పూర్తిగా కరుగుతుంది, మట్టి రేణువులు దానిని పట్టి ఉంచలేవు. అందుకే ఇసుక పాలు ఎక్కువగా ఉండే ఎర్ర చెలకల్లో, ఎరువు ఎక్కువగా వాడే మిరప, మక్క చేలల్లో ఇది వేగంగా భూగర్భజలాన్ని చేరుతుంది. వరి మడిలో నీరు నిలిచి నేలకు గాలి అందదు కనుక నైట్రేట్‌లో చాలా భాగం మళ్లీ నత్రజని వాయువుగా మారి పైకి పోతుంది. ఈ ఒక్క విషయంలో వరిని ప్రధాన దోషిగా నిలబెట్టడం సరికాదు. అలాగే నేరమంతా పొలాలదే అనడం కూడా న్యాయం కాదు. ఇళ్ల మధ్య ఉన్న పెంటకుప్పలు, సరిగా కట్టని మరుగుదొడ్ల గుంతలు, కోళ్ల ఫారాలు కూడా అదే నైట్రేట్‌ను అదే బోరులోకి పంపుతాయి. మా ఊరి ప్లాంటు బోరు ఒక పక్క ఇళ్లకూ, మరో పక్క మక్క చేనుకూ సమానమైన దూరంలో ఉంది.

తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో నైట్రేట్ 45 మిల్లీగ్రాములు మించకూడదు. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం), కాఠిన్యం వంటి వాటికి వేరే నీటి వనరు దొరకనప్పుడు కొంత సడలింపు ఇచ్చిన ఆ ప్రమాణం నైట్రేట్‌కు ఏ సడలింపూ ఇవ్వలేదు. కారణం పసిపిల్లలు. ఆరు నెలల లోపు శిశువు శరీరంలో నైట్రేట్ నైట్రైట్‌గా మారి, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపానికి మారుస్తుంది. పెదవులు, గోళ్లు నీలం రంగుకు తిరుగుతాయి; సమయానికి గుర్తించకపోతే ప్రాణాపాయం. తల్లిపాలు తాగే బిడ్డకు ఈ ప్రమాదం చాలా తక్కువ. బోరు నీటిలో పాలపొడి కలిపి పట్టే బిడ్డకే ఎక్కువ. పెద్దల విషయంలో, శరీరం లోపల నైట్రోసో సమ్మేళనాలు ఏర్పడే పరిస్థితుల్లో ఆహారం ద్వారా, నీటి ద్వారా చేరే నైట్రేట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకం కావడానికి ఎక్కువ అవకాశం ఉందన్న జాబితాలో చేర్చింది. మా ఊళ్లో చాలామంది తల్లులు జాగ్రత్త కోసం నీటిని బాగా మరగబెట్టి పాలపొడి కలుపుతారు. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి, అది మంచిదే. కానీ నైట్రేట్ ఆవిరి కాదు, నీరు ఇగిరిన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. వాసన, రంగు, రుచి ఏదీ లేని పదార్థం కనుక నాలుకతో పట్టుకోవడం కూడా సాధ్యం కాదు.

ఇక ప్లాంటు లోపలికి వెళ్దాం. బోరు నీరు ముందు ఇసుక ట్యాంకులోకి, అక్కడి నుంచి బొగ్గు నింపిన కార్బన్ ట్యాంకులోకి, తరువాత తెల్లటి దారపు ఉండల్లాంటి మైక్రాన్ ఫిల్టర్ల గుండా వెళ్తుంది. ఆపై ఒత్తిడి మోటరు దానిని పొడవాటి గొట్టాల్లో అమర్చిన ఆర్వో (రివర్స్ ఆస్మోసిస్) మెంబ్రేన్లు, అంటే కరిగిన లవణాలను ఆపే అతి సన్నని పొరల గుండా నెడుతుంది. చివర అతినీలలోహిత దీపం, ఆ తరువాత స్టీలు ట్యాంకు, దానికి బయట గోడలో కార్డు పెట్టే యంత్రం. ఇసుక మురికిని ఆపుతుంది. కార్బన్ వాసననూ, చాలా రకాల పురుగు మందుల అవశేషాలనూ పీల్చుకుంటుంది గానీ నైట్రేట్‌ను, ఫ్లోరైడ్‌ను తాకదు. అతినీలలోహిత దీపం సూక్ష్మజీవులను చంపుతుంది తప్ప కరిగిన ఏ పదార్థాన్నీ తీయదు. నైట్రేట్ విషయంలో మొత్తం భారం మెంబ్రేన్ మీదే పడుతుంది. ఇళ్లలో ఆర్వో లేని, కేవలం దీపమున్న ఫిల్టరు కొనుక్కుని నిశ్చింతగా ఉన్నవారికి ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

లోపలంతా శుభ్రంగానే ఉంది. నేల కడిగి ఉంది, ట్యాంకు మూత బిగించి ఉంది, ప్లాంటు నడిపే అబ్బాయి చెప్పులు బయట విడిచే లోపలికి వస్తాడు. నేను వివరాలు అడిగినప్పుడు అతడు ఎంతో ఓపికగా టీడీఎస్ మీటరు తెచ్చి రెండు గ్లాసుల్లో ముంచి చూపించాడు. "సారూ, చూడుండ్రి, బోరు నీళ్లు ఏడు వందలు చూపిస్తే మనయి తొంభై చూపిస్తున్నయి. ఇంక దీంట్ల ఏముంటది?" అన్నాడు. "తమ్మీ, ఆ తొంభైలో ఏమేమున్నయో చెప్పు" అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అతని తప్పు లేదు. అతనికి ఇచ్చిన పరికరం అదొక్కటే. ఆ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత తేలికగా ప్రవహిస్తోందో కొలిచి, కరిగిన లవణాల మొత్తం ఇంత ఉండవచ్చునని చెబుతుంది. అందులో కాల్షియం ఎంత, నైట్రేట్ ఎంత, ఫ్లోరైడ్ ఎంత అన్నది దానికి తెలియదు. బస్తాను కాంటా మీద పెట్టి, బరువును బట్టి లోపల వడ్లున్నాయో తవుడుందో చెప్పమన్నట్టే ఇది. టీడీఎస్ 400 ఉన్న నీటిలో నైట్రేట్ 100 ఉండవచ్చు. ఆ నీరు టీడీఎస్ లెక్కలో 500 లోపు కనుక మంచిదిగానూ, నైట్రేట్ లెక్కలో తాగరానిదిగానూ ఉంటుంది.

ఇక్కడ ఒక లెక్క చూపించాలి, ఎందుకంటే ఈ ప్లాంటు విషయంలో నా సందేహమంతా ఈ లెక్క చుట్టూనే ఉంది. బోరు నీటిలో నైట్రేట్ 120 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. మంచి స్థితిలో ఉన్న మెంబ్రేన్ దానిలో 85 శాతం ఆపితే బయటికి వచ్చే నీటిలో 18 మాత్రమే మిగులుతుంది, ఏ ఇబ్బందీ లేదు. మెంబ్రేన్ పాతబడి, సున్నం పేరుకుని, 60 శాతమే ఆపగలిగే స్థితికి వస్తే 48 మిగులుతుంది, అంటే పరిమితి దాటినట్టే. ఇంకొక మార్గం కూడా ఉంది. ఆర్వో నీరు మరీ చప్పగా ఉందని జనం అంటుంటే, రుచి కోసం కొంత బోరు నీటిని మెంబ్రేన్ పక్క నుంచి మళ్లించి కలిపే వాల్వు చాలా ప్లాంట్లలో ఉంటుంది. మా దానిలోనూ ఉంది. కొత్త మెంబ్రేన్ నీరు 70 పాళ్లు, బోరు నీరు 30 పాళ్లు కలిపితే నైట్రేట్ 48.6 అవుతుంది. అప్పుడు టీడీఎస్ మీటరు, బోరు 700, ఆర్వో 90 అన్న లెక్కన, 273 చూపుతుంది. చూసేవారికి అది ఎంతో మంచి అంకె. తాగేవారికి అది పరిమితి దాటిన నీరు. నేను వెళ్లినప్పుడు ఆ వాల్వు మూసే ఉంది, ఆ విషయాన్ని సంతోషంగా నమోదు చేస్తున్నాను. కానీ దానికి తాళం గానీ, ఎంతవరకు తిప్పవచ్చో తెలిపే గుర్తు గానీ లేదు. ఎవరైనా వచ్చి నీళ్లు చప్పగున్నాయంటే తిప్పే వీలుంది.

నైట్రేట్ కనుక్కునే పట్టీలు బజారులో దొరుకుతాయి. నీటిలో ముంచి, నిమిషం ఆగి, మారిన రంగును డబ్బా మీద ఉన్న రంగుల గడులతో పోల్చుకోవాలి. బోరు నీటిలో ముంచిన పట్టీ ముదురు గులాబీ రంగుకు వచ్చి 45ను దాటిన గడిలో పడింది. డబ్బా నీటిలో ముంచిన పట్టీ లేత రంగులోనే ఆగి పరిమితి లోపలి గడిలో ఉంది. ఆ రోజున, ఆ మెంబ్రేన్‌తో, ఆ వాల్వు మూసి ఉన్న స్థితిలో ఈ ప్లాంటు తన పని చేసింది. పట్టీ రంగు సుమారు అంచనా మాత్రమే, ప్రయోగశాల నివేదికకు అది సాటి రాదు. ప్లాంటు గోడకు వేలాడుతున్న నివేదికలో పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్లోరైడ్ ఉన్నాయి. నైట్రేట్ అన్న వరుసే లేదు. పొలాల మధ్య ఉన్న ఊరిలో, నీటి పరీక్షకు డబ్బు పెట్టి, ఆ ఒక్క వరుస రాయించకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది.

పురుగు మందుల విషయం ఇంకా బరువైనది. ఉమ్మడి వరంగల్ జిల్లాకు ఈ విషయంలో చేదు చరిత్ర ఉంది. 1997, 98 ప్రాంతంలో లద్దె పురుగు పత్తిని తినేసినప్పుడు ఇక్కడి రైతులు మందు మీద మందు కొట్టి, అప్పులపాలై, అదే మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపించింది. ఫోరేట్ గుళికల మీద 2020 చివరి నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. అయినా చేలల్లో మందుల వాడకం ఆగలేదు, మారింది. ఇప్పుడు కూలీల కొరత వల్ల కలుపు మందులు ముందుకొచ్చాయి. మక్కలో కొట్టే అట్రజిన్ నీటితో పాటు నేలలోకి దిగి చాలా కాలం నిలిచే రకం. ఐఎస్ 10500 దానికి లీటరుకు 2 మైక్రోగ్రాములు, మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందుకు 1 మైక్రోగ్రాము పరిమితి పెట్టింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షో వంతు. ఇంత చిన్న మోతాదును ఊరిలో కొలిచే పరికరమేదీ లేదు. పెద్ద ప్రయోగశాలకు పంపాలి, ఖర్చు కూడా ఎక్కువ. కనుక ప్రతి నెలా పరీక్ష చేయించమని కమిటీని అడగడం అన్యాయం. కార్బన్‌ను వేళకు మార్చమని అడగడం మాత్రం న్యాయం. బొగ్గు నిండిపోయాక అది కొత్తగా పీల్చుకోదు. మెంబ్రేన్ కూడా మందులను చాలావరకు ఆపుతుంది గానీ చిన్న అణువులు కొంత దాటిపోతాయి. మా ప్లాంటులో కార్బన్ చివరిసారి ఎప్పుడు మార్చారని అడిగితే రాసి పెట్టిన పుస్తకం చూపలేకపోయారు.

బోరు దగ్గర జరిగే ఒక పనిని కూడా ఇక్కడ చెప్పక తప్పదు. పవర్ స్ప్రేయర్ డ్రమ్ములో మందు పోసి, మోటరు పైపును ఆ మందు నీటిలో ముంచి ఉంచి నింపడం మన వైపు మామూలు. కరెంటు పోతే పైపులో ఉన్న నీరు వెనక్కి జారి, దానితో డ్రమ్ములోని మందు బోరులోకి దిగే ప్రమాదముంది. పైపు చివర డ్రమ్ము అంచుకు జానెడు పైన ఉంటే చాలు, ఈ ప్రమాదం ఉండదు. మందు డబ్బాలు, స్ప్రేయర్లు బోరు పక్కనే కడగడం కూడా ఇలాంటిదే. కోట్ల రూపాయల యంత్రం కూడా ఇలాంటి నిర్లక్ష్యాన్ని పూర్తిగా సరిదిద్దలేదు.

ఫ్లోరైడ్ కథ కొంత వేరు. అది ప్రధానంగా ఎరువుల నుంచి వచ్చేది కాదు, మన కిందనున్న గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి కరిగేది. కానీ యాసంగిలో వరికి, మక్కకు బోర్లు ఏకధాటిగా నడిచి పై పొరల నీరు అడుగంటినప్పుడు, రాతి పగుళ్లలో చాలాకాలంగా నిలిచిన లోతు నీరు పైకి వస్తుంది. అలాంటి నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. ఎండిన పొలాలకు అది ప్రాణం పోసిన మాట నిజం. ఆటో స్టార్టర్ పెట్టి మోటరును రాత్రింబవళ్లు వదిలేసిన చోట బోర్లు వట్టిపోయిన మాట కూడా అంతే నిజం. ఫ్లోరైడ్‌కు పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు లేకపోతే 1.5. మెంబ్రేన్ దీనినీ ఆపుతుంది కనుక ఈ విషయంలో ప్లాంటు నీరు మేలే. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ వల్ల వంకర తిరిగిన కాళ్లను చూసినవారెవరూ దీనిని చిన్న విషయమనరు.

ఇంటింటికీ మిషన్ భగీరథ నల్లా ఉండగా ప్లాంటు ఎందుకన్న ప్రశ్న సహజం. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రారంభమైన ఆ పథకం గోదావరి, కృష్ణా జలాలను శుద్ధి చేసి ఊళ్లకు పంపుతోంది. నది నీటిలో నైట్రేట్, ఫ్లోరైడ్ మన బోరు నీటితో పోలిస్తే సహజంగానే తక్కువ. పైగా అందులో క్లోరిన్ ఉంటుంది. జనం ఆ వాసన నచ్చక నల్లా నీటిని గిన్నెలు తోమడానికి వాడి, డబ్బా నీటిని తాగడానికి తెచ్చుకుంటున్నారు. నా దృష్టిలో ఇది తలకిందులైన అలవాటు. క్లోరిన్ వాసన ఆ నీరు సూక్ష్మజీవుల నుంచి కాపాడబడి ఉందనడానికి గుర్తు, వెడల్పు మూతి గిన్నెలో కాసేపు ఉంచితే ఆ వాసన తగ్గుతుంది. నల్లా క్రమం తప్పకుండా వచ్చే ఇంటికి నేను ముందు నల్లా నీటినే సూచిస్తాను. పైపు పగిలి, మోటరు చెడి నల్లా రాని రోజుల్లో, మళ్లీ బోరు నీటిని ట్యాంకులోకి ఎక్కించి అదే పైపుల్లో వదిలే రోజుల్లో, ప్లాంటు విలువ తెలుస్తుంది. ఏ రోజు నల్లాలో ఏ నీరు వస్తోందో పంచాయతీ వారు చాటింపు వేయిస్తే సగం గందరగోళం తీరుతుంది.

సేవ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కార్డులో డబ్బు వేయించుకుంటే 20 లీటర్ల డబ్బా 5 రూపాయలు. పొద్దునా సాయంత్రం రద్దీ, మధ్యాహ్నం వెళ్తే వెంటనే నిండుతుంది. ఇంటికి తెచ్చి ఇచ్చే ఆటో వేరే వారిది, వారు తీసుకునే ధర వేరు. వరంగల్‌కు చెందిన బాలవికాస వంటి సంస్థలు ఊరి కమిటీల చేత ఇలాంటి ప్లాంట్లు నడిపించే పద్ధతిని ఈ ప్రాంతానికి ఎప్పుడో నేర్పాయి. గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి దానికి పేరుపడ్డ ఊరు. మా కమిటీ ధర పెంచకుండా నెట్టుకొస్తున్నందుకు అభినందించాలి. అయితే డబ్బాల శుభ్రత మాత్రం బాగా లేదు. ఆర్వో నీటిలో క్లోరిన్ మిగలదు కనుక, గీతలు పడి లోపల పచ్చని పాకర పట్టిన డబ్బాలో పోస్తే ఆ నీరు మళ్లీ పాడవుతుంది. కడిగే చోట వేడినీళ్లు గానీ, బ్లీచింగ్ ద్రావణం గానీ లేదు, ఉత్త పైపు మాత్రమే ఉంది.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది ప్లాంటు వెనుక గోడ నుంచి బయటికి వచ్చే సన్నటి గొట్టం. మెంబ్రేన్ ఆపిన లవణాలన్నీ ఆ గొట్టం గుండా వ్యర్థ నీటితో బయటికి పోతాయి. లోపలికి వెళ్లిన నీటిలో సగం డబ్బాలోకి వస్తే మిగతా సగంలో నైట్రేట్ దాదాపు రెట్టింపు అవుతుంది. ముందు చెప్పిన లెక్కలో 120 కాస్తా 222 అవుతుంది. ఆ నీరు మోరీలో నుంచి ఒక గుంతలోకి చేరి, బోరుకు కొద్ది దూరంలోనే నేలలోకి ఇంకిపోతోంది. దానిలో బర్రెలు తాగడం కూడా చూశాను. పశువుల కడుపులో నైట్రేట్ తేలికగా నైట్రైట్‌గా మారుతుంది కనుక, తనలోనూ నైట్రేట్ ఉండే పచ్చి జొన్న చొప్ప తినే రోజుల్లో ఈ నీరు దానికి తోడు కావడం మంచిది కాదు. ఆ గుంత చుట్టూ వెంటనే ముళ్లకంపైనా వేయాలి.

అదే నీటిని పొలానికి పారిస్తే పారబోసే వ్యర్థం ఎరువు అవుతుంది. ఈ మాట ప్లాంటు వ్యర్థ నీటికే కాదు, నైట్రేట్ ఎక్కువున్న ప్రతి బోరుకూ వర్తిస్తుంది. లీటరుకు 100 మిల్లీగ్రాముల నైట్రేట్ అంటే 22.6 మిల్లీగ్రాముల నత్రజని. యాసంగి మక్కకు ఎకరానికి పంటకాలమంతా కలిపి 500 మిల్లీమీటర్ల తడి ఇస్తే అది దాదాపు 20 లక్షల లీటర్లు. ఆ నీటితో పాటు చేనుకు చేరే నత్రజని 45 కిలోలు, అంటే రెండు బస్తాల యూరియాకు పైగా. రైతు కొనకుండానే, మోయకుండానే, అప్పటికే చేనులో పడుతున్న ఎరువు అది. ఇది తెలియక పైన మళ్లీ పూర్తి మోతాదు వేస్తే మిగిలేదంతా తిరిగి అదే బోరులోకి దిగుతుంది. మట్టి పరీక్ష కార్డు ఇచ్చే వ్యవసాయ శాఖ వారు దాని పక్కన బోరు నీటి నైట్రేట్ కూడా రాసి ఇస్తే రైతుకు బస్తా ఖర్చు తగ్గుతుంది, ఊరికి నీళ్లు తేటపడతాయి. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడిక మట్టిని చెలకలకు తోలుకున్న రైతులకు దాని మేలు తెలుసు. బంకపాలు పెరిగిన నేల తడినీ ఎరువునూ వేళ్ల దగ్గరే పట్టి ఉంచుతుంది.

కమిటీకి నేను లిఖితపూర్వకంగా ఇచ్చిన విన్నపాలు ఇవి. నైట్రేట్, ఫ్లోరైడ్ వరుసలున్న నివేదికను, బోరు నీటికీ డబ్బా నీటికీ విడివిడిగా, తొలకరి వానలు పడ్డాక ఒకసారి, ఎండాకాలం ముందు ఒకసారి చేయించి కార్డు యంత్రం పక్కనే అతికించాలి. తొలి వానలతో నేలలోని నైట్రేట్ ఒక్కసారిగా కిందికి దిగుతుంది కనుక ఆ పరీక్షను వాయిదా వేయకూడదు. బోరు నీరు కలిపే వాల్వుకు తాళం వేయాలి. కార్బన్, మెంబ్రేన్ మార్చిన తేదీలు పుస్తకంలో రాయాలి. వ్యర్థ నీటిని పక్క మక్క చేనుకు మళ్లించాలి. ఆ చేను యజమాని ఇందుకు ఒప్పుకున్నాడు, గొట్టం ఖర్చు ఎవరు పెట్టాలన్న దగ్గర మాట ఆగింది. పరీక్షల ఖర్చు కోసం డబ్బాకు ఒక రూపాయి పెంచినా ఊరు కాదనదని నా నమ్మకం.

ఈ లోగా కార్డు తీసుకునేవారికి నా సలహా ఏమిటంటే, తాగడానికే కాక అన్నం, పప్పు వండడానికి కూడా ఈ నీటినే వాడండి, ఎందుకంటే బోరు నీటితో వండినప్పుడు అందులోని నైట్రేట్, ఫ్లోరైడ్ గింజలోకే ఇంకుతాయి. డబ్బాను వారానికొకసారైనా బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఆరబెట్టండి. పాలపొడి తాగే బిడ్డ ఇంట్లో ఉంటే నైట్రేట్ నివేదిక చూడనిదే ఈ నీటిని వాడవద్దు. నల్లాలో నది నీరే వస్తోందని పంచాయతీలో కనుక్కుని, ఆ నీటిని మరిగించి చల్లార్చి వాడండి. బిడ్డ పెదవులు నీలంగా కనిపిస్తే మాత్రం ఏ నీళ్లన్న ఆలోచన పెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఏ నీటిలో పాలు కలిపారో డాక్టరు గారికి మొట్టమొదట చెప్పండి.